ఊట ఎత్తా, వీధి ఎత్తా

మా తెనాలిలో ఎత్తుపల్లాల గొడవ లేదు. కాలువగట్టే మాకు కొండ. అలాంటి ఊళ్ళో పుట్టి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ బతికే నాకు నలభై దాటాక కొండలెక్కే పిచ్చి పట్టింది. ఆదివారాల్లో నలుగురం కలిసి కొండవీడు వెళ్ళేవాళ్ళం. అది చూసి మా తమ్ముడు నాకొక చేతి యంత్రం కొనిచ్చాడు. అరచేతిలో పడుతుంది. ఉపగ్రహాలను పట్టుకుని మనం ఎక్కడున్నామో చెబుతుంది, గాలి ఒత్తిడిని బట్టి ఎంత ఎత్తులో ఉన్నామో చెబుతుంది. కొత్త గొలుసు కొన్నప్పుడు కూడా నేను అంత మురిసిపోలేదు.

రాష్ట్రం విడిపోయి రెండేళ్ళు కావస్తున్న రోజులవి. ఏప్రిల్ చివర ఇంటర్ పేపర్లు దిద్దడం ముగియగానే రాజాం నుంచి పార్వతి ఫోన్ చేసింది. డిగ్రీలో ఇద్దరం ఒకే హాస్టల్ గదిలో మూడేళ్ళున్నాం. "ఒసే సుభద్రా, మా కొండలు సూడ్డానికి నువ్వెప్పుడొస్తావే? మోకాళ్ళు అరిగిపోనాకా?" అంది. ఆ మాటతో టిక్కెట్టు కొనేశాను.

కళింగపట్నం

ముందు సముద్రం దగ్గరకు వెళ్ళాను. ఎత్తులన్నీ సముద్ర మట్టం నుంచే లెక్క కదా, అక్కడ సున్నా పెట్టుకుని బయల్దేరితే తర్వాత ఏ కొండ దగ్గరా తేడా రాదని నా ఆలోచన. శ్రీకాకుళంలో బస్సెక్కి, పొద్దున్నే తడి ఇసుకలో నిలబడి యంత్రం తీశాను. ఉపగ్రహాల లెక్కన తొమ్మిది మీటర్లంది. పది నిమిషాలాగి చూస్తే మైనస్ నాలుగంది. అనుమానం వచ్చి ఫోన్లో చూశాను. అది ఏకంగా మైనస్ అరవై చిల్లర చూపిస్తోంది.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చాలాసేపటి నుంచి గమనిస్తున్నాడు. పేరు ఎర్రయ్య.

"ఏటమ్మా, సిగ్నల్ రాలేదేటి?"

"సిగ్నల్ కాదు బాబూ. ఇక్కడ ఎత్తెంతో చూస్తున్నా. మనం సముద్రానికి అరవై మీటర్లు కిందున్నామంటోంది ఈ ఫోను."

ఎర్రయ్య ఒకసారి సముద్రం వైపు, ఒకసారి ఫోను వైపు చూశాడు. "అయితే సేపలే మనల్ని పట్టాల," అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయనే అడిగాడు: "అయినా సముద్రమంటే ఏ పూట సముద్రమమ్మా? పొద్దున్న ఓలాగుంటాది, మాపటేలకి ఓలాగుంటాది. పున్నానికి ఆ పడవ కాడికి ఒచ్చీస్తాది."

మంచి ప్రశ్న. పోటూ పాటూ అన్నీ ఏళ్ళ తరబడి కొలిచి, సగటు తీసి, దాన్నే సున్నా అనుకుంటారని చెప్పాను. "అంటే నిజంగా ఏ పూటా లేని సముద్రమన్నమాట," అన్నాడు. పుస్తకాల్లో ఇంత తేటగా ఎవరూ రాయలేదు.

ఫోను సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. అది భూమిని నున్నటి బత్తాయిలా ఊహించుకుని, ఆ తొక్క నుంచి ఎత్తు కొలుస్తుంది. కానీ భూమి లోపలి బరువు అంతటా ఒకే తీరుగా లేదు. అందుకని సముద్రమూ ఒకే తీరుగా నిలవదు. మన తూర్పు తీరంలో నీళ్ళు ఆ ఊహా తొక్కకు అరవై డెబ్భై మీటర్లు కిందుగా ఉంటాయి. చేతి యంత్రంలో ఆ తేడాను సరిచేసే పట్టిక ఉంది. నా ఫోన్లో లేదు. ఫోను అబద్ధం చెప్పలేదు, నేను అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది.

ఒడ్డున పది రూపాయలకి పెద్ద గ్లాసుడు చోడి అంబలి తాగాను. మేం రాగులనేవి ఇక్కడ చోళ్ళు. మా వైపు అంబలి డాక్టరు చెబితే తాగుతారు. ఇక్కడ ఉల్లిపాయ కొరుక్కుంటూ ఇష్టంగా తాగుతున్నారు.

పొందూరు

మర్నాడు పాసింజరు రైల్లో పొందూరులో దిగాను. తొమ్మిది దాటింది. మన రైలు స్టేషన్లలో ఊరి పేరు రాసిన పసుపు బోర్డు కింద చిన్న అక్షరాలతో సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుందని మీరెప్పుడైనా గమనించారా? నేను ఆ బోర్డు కిందే నిలబడి యంత్రాన్ని ఆ అంకెకు సరిచేశాను. పక్కనున్న ముసలాయన ఓపిక పట్టలేక, "బండి ఎంత లేటంటాదమ్మా ఆ మిషను?" అని అడిగాడు. ఎత్తు చూసే యంత్రమంటే నమ్మలేదు. రైలు సంగతి తెలిసీ చెప్పడం లేదనుకుని అలిగి అవతలి బెంచీ మీదకు వెళ్ళిపోయాడు.

ఊళ్ళో కాంతమ్మ అనే ఆవిడ ఇంట్లో నూలు వడకడం చూశాను. డెబ్భై ఏళ్ళుంటాయి. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి వచ్చిన దూది మబ్బు తునకలా ఉంది. దారం తగినంత సన్నగా వచ్చిందని ఎలా తెలుస్తుందని అడిగాను.

"యేలికి తెలుస్తాది."

"వేలు పొరబడదా?"

"సలికాలం పొద్దున్న పొరబడతాది. అప్పుడు ముందు సెయ్యి ఎచ్చబెట్టుకుంటాను," అంది. పంచె ధర విని నోరు తెరిచాను. రెండు తువ్వాళ్ళు కొనుక్కుని లేచాను.

విజయనగరంలో అక్కగారింటికి వెళ్ళిన పార్వతి మూడు గంటల రైల్లో పొందూరు వస్తానంది. నేను మళ్ళీ అదే బోర్డు కింద, అదే బెంచీ మీద కూర్చున్నాను. ఊసుపోక యంత్రం తీస్తే పొద్దున నేను పెట్టిన అంకె కంటే ఇరవై రెండు మీటర్లు ఎక్కువ చూపిస్తోంది! బెంచీ కదల్లేదు, పొందూరూ కదల్లేదు. ఎండకు వేడెక్కి ఉంటుందనుకుని సంచిలో పడేశాను. అంతలో రైలొచ్చింది. పార్వతి దిగుతూనే, "ఏటే, సగమైపోనావు!" అని గట్టిగా కావలించుకుంది. నేనా విషయం మరిచేపోయాను.

రాజాం

పార్వతి వాళ్ళాయన సన్యాసిరావుగారిది రాజాంలో పైపులు, మోటార్లు అమ్మే కొట్టు. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తారు. ఆ రాత్రి భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు. మా గుంటూరు జిల్లా నాలుక కారం కోసం ఎదురుచూసి, చివరికి ఆవ ఘాటు ముక్కుకెక్కేసరికి ఓటమి ఒప్పుకుంది.

పొద్దున కొట్టుకి వెళ్ళేసరికి ఒక రైతు నల్ల పైపు చుట్టల మధ్య నిలబడి ఉన్నాడు. పేరు అప్పలనాయుడు. పార్వతీపురం దారిలో, కొండ వాలున ఉన్న చిన్న ఊరు ఆయనది. దాన్ని గెడ్డవలస అని పిలుస్తాను, అసలు పేరు వేరు. కొండ మలుపు అవతల పెద్ద ఊట ఒకటుందని, వేసవిలో కూడా ఎండదని, అక్కడి నుంచి పైపేసి నీళ్ళు ఊళ్ళోకి తెచ్చుకోవాలని ఊరంతా నిర్ణయించుకుందని చెప్పాడు. కరెంటు లేదు, మోటారు లేదు. నీళ్ళు వాటంతటవే పారి రావాలి.

"నాయుడూ, పైపు నాను ఇచ్చీగలను. నీరు నాను ఇవ్వలేను," అన్నారు సన్యాసిరావుగారు. "ఊట మీ పై వీధి కంటే ఎత్తునున్నాదా? సూసుకున్నారా?"

"ఎత్తే అనుకుంతన్నాం బాబూ. మద్దిలో కొండ అడ్డు. కంటికి అందదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. సంచిలోంచి యంత్రం తీశాను. "రేపు నేనొచ్చి చూసి చెబుతాను. ఐదు నిమిషాల పని," అన్నాను.

ఐదు నిమిషాలన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

గెడ్డవలస, మొదటి రోజు

మర్నాడు పార్వతీ నేనూ అప్పలనాయుడి వెంట జీపులో బయల్దేరాం. శ్రీకాకుళం జిల్లా దాటి విజయనగరం జిల్లాలోకి వచ్చామని బోర్డు చెబితేనే తెలిసింది. అవే జీడితోటలు, అవే తాటిచెట్లు. దారిలో ఒకచోట ఆగి ముంజలు తిన్నాం. జీపు వదిలాక ముప్పావు గంట నడక.

ఊళ్ళో రెండు వీధులు. కింది వీధి పాతది. ఒక ఏడాది గెడ్డ, అంటే కొండవాగు, పొంగి కొన్ని ఇళ్ళు కొట్టుకుపోతే, ఆ ఇళ్ళవాళ్ళు పైకి జరిగి కట్టుకున్నది పై వీధి. పన్నెండు ఇళ్ళు. వాటిలో అన్నిటికంటే పైనున్నది అప్పలనాయుడి వదిన తవిటమ్మది. ఇత్తడి బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈ ఆడకూతురా కొలిసీది?" అంది నన్ను చూసి. "మంచిదే. నీరు మోసీవోల్ల కట్టం ఆడోల్లకే తెలుస్తాది."

ముప్పై ఏళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఆ ఊటకు వెళ్ళొస్తోందట. తొమ్మిదిన్నరకు ఆమె గుమ్మం మెట్టు మీద యంత్రం పెట్టాను. రెండు వందల పన్నెండు మీటర్లు. తర్వాత ఆమె వెనకే కొండ పక్కగా నడిచాం. దారి ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మధ్యలో ఒక రాయి మీద నేను జారి చతికిలబడ్డాను. తవిటమ్మ వెనక్కి కూడా తిరగకుండా, "ఆ రాయి మీద కాలెయ్యకూడదమ్మా," అంది.

దారిలో ఆమె మోపెడు కట్టెలేరుకునే దాకా చెట్ల కింద రెండు గంటలు కూర్చున్నాం. ఊట దగ్గరకు చేరేసరికి పన్నెండున్నర. నల్లటి రాతి పగుళ్ళలోంచి మూడు నాలుగు చోట్ల వేలంత ధార. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. యంత్రం చూశాను. రెండు వందల ఇరవై ఆరు.

"పద్నాలుగు మీటర్లు ఎత్తు!" అని అరిచాను. "నీళ్ళు మీ గుమ్మంలోకే వచ్చేస్తాయి తవిటమ్మా!"

ఆవిడ బిందె కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపు ఆ కొంగు కళ్ళ దగ్గరే ఉండిపోయింది. అప్పలనాయుడు గబగబా ఎత్తైన రాయి ఎక్కి, సిగ్నల్ పట్టుకుని కొట్టుకి ఫోన్ చేశాడు. "పైపు లోడెత్తించీండి బాబూ! పద్నాలుగు మీటర్లంట!"

ఊళ్ళోకి తిరిగొచ్చి తవిటమ్మ ఇంట్లోనే భోంచేశాం. వేడన్నం, ఉలవచారు, కాల్చిన ఎండుచేప. మూడున్నరకు సంచి సర్దుకుంటూ, ఊరికే అలవాటుకొద్దీ యంత్రాన్ని మళ్ళీ ఆ మెట్టు మీదే పెట్టాను.

రెండు వందల ముప్పై మూడు.

పొద్దున రెండు వందల పన్నెండున్న మెట్టు ఇప్పుడు ఊట కంటే ఏడు మీటర్లు ఎత్తుకు పోయింది. పొందూరు బెంచీ అప్పుడు గుర్తొచ్చింది. ఎండా కాదు, వేడీ కాదు. మన వైపు గాలి ఒత్తిడి రోజూ పొద్దున తొమ్మిది, పదింటికి పెరిగి, సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది. వానా గాలివానా అక్కర్లేదు, మబ్బు లేని రోజూ అంతే. ఒత్తిడి తగ్గితే ఎత్తు పెరిగిందనుకోవడమే ఆ యంత్రానికి తెలిసిన విద్య. ఈ ముక్క నేను ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతాను. కొండవీడు పొద్దున్నే ఎక్కుతూ, ఆ కొండ ఎప్పుడూ అనుకున్నదానికంటే పొడుగే చూపిస్తోందని మురిసిపోయానే గాని, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఉపగ్రహాల అంకె చూద్దామంటే చెట్ల కింద అది నూట తొంభైకీ రెండు వందల నలభైకీ మధ్య ఊగులాడుతోంది. తేడా గంట గంటకూ సమంగా జరిగిందనుకుంటే ఊట మూడు మీటర్లు ఎత్తున ఉండాలి. సమంగా జరిగిందని ఎవరు చెప్పారు?

మాట్లాడకుండా జీపెక్కి వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. పార్వతి నా ముఖం చూసి, "ఏటైనాదే?" అంది. చెప్పాను. "అయితే ఇప్పుడే సెప్పీ. పైపు పాతీనాక సెప్తావేటి?" అంది.

తవ్వడానికి మేమూ

మెట్టు ముందు అందరూ చేరారు. యంత్రం చెప్పింది తప్పని, నేను చెప్పింది తప్పని, ఊట ఎత్తో పల్లమో నాకు తెలియదని అన్నాను.

కింది వీధి కుర్రాళ్ళలో ఒకడు అన్నాడు: "కింద ఈదికైతే ఎలగైనా వస్తాది కదా. ఏసీద్దాం. పై ఈది సంగతి తరవాత సూద్దాం."

తవిటమ్మ తలెత్తింది. "తవ్వడానికి మేమూ, తాగడానికి మీరూనేటిరా?"

మాటలు పెరిగాయి. అప్పటిదాకా కలిసి నవ్వుకున్న రెండు వీధులు నా కళ్ళముందే రెండు గుంపులయ్యాయి. ఇదంతా నా చేతిలోని డబ్బీ వల్లే కదా అని నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అప్పుడు అరుగు మీద కూర్చున్న తాపీమేస్త్రి సూరయ్య చుట్ట ఆర్పి లేచాడు. కింది వీధి మనిషి, తవిటమ్మకు వరసకు తమ్ముడు. "ఎందుకర్రా అరుసుకుంతారు? ఇంటి పునాది మట్టం సూసినట్టు సూసీద్దాం. గొట్టంలో నీరుకి ఏ ఈదీ సుట్టం కాదు," అన్నాడు.

రెండో రోజు

ఆ రాత్రి మేం ఊళ్ళోనే ఉండిపోయాం, అప్పలనాయుడు మళ్ళీ రాయెక్కి ఫోన్ చేసి పైపు లోడు ఆపించాడు. సన్యాసిరావుగారు తెల్లారేసరికి పదిహేను మీటర్ల సన్నటి గొట్టం పంపారు. లోపలి నీళ్ళు కనిపించే గొట్టం. మేస్త్రీలు గోడల మట్టం చూసేది దాంతోనే. దాన్ని నీళ్ళతో నింపి, రెండు కొసలనూ రెండు వెదురు కర్రలకు ఆనించి పట్టుకుంటే రెండు పక్కలా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. కర్రల మీద ఆ మట్టాల తేడాయే నేల తేడా. వెనక కర్రను ముందుకు జరిపి మళ్ళీ చూడాలి. ఊట నుంచి తవిటమ్మ మెట్టు దాకా అలా మజిలీ మజిలీగా జరుపుకుంటూ రావడమే.

కొలత సూరయ్యది, రాత నాది. చిక్కు పదో మజిలీ దగ్గర వచ్చింది. తేడా ఎక్కువగా వస్తోందని నాకనిపించింది. సూరయ్య గొట్టాన్ని ఎండకెత్తి చూశాడు. మధ్యలో బియ్యపు గింజంత గాలి బుడగ.

"ఇది కూడా అబద్దమాడతాదా?" అన్నాను.

"ఆడతాదమ్మా. కాకపోతే అబద్దం కంటికి కనిపిస్తాది," అన్నాడు. వేలితో కొట్టి కొట్టి బుడగ బయటకు పంపాడు. మొదటి పది మజిలీలూ మళ్ళీ కొలిచాం.

కర్రలు రెండు వీధులవాళ్ళూ మార్చి మార్చి పట్టుకున్నారు. సూరయ్యే అలా ఏర్పాటు చేశాడు, కింది వీధి మనిషి ఒకవైపు, పై వీధి మనిషి ఒకవైపు. మధ్యాహ్నం అంబలి ముంతలు అక్కడికే వచ్చాయి. నూట ఆరు మజిలీలయ్యాక, ఎండ వాలుతుండగా తవిటమ్మ మెట్టు చేరాం. అంకెలు కలిపాను, తీసేశాను, మళ్ళీ కలిపాను. పార్వతి నా భుజం మీదుగా తొంగిచూస్తూ విడిగా కూడింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది.

ఊట ఆ మెట్టు కంటే రెండు మీటర్లు పల్లం. నిలువెత్తు మనిషి, ఆపైన ఒక జాన.

పుస్తకం మూయకుండానే తవిటమ్మ వైపు తిరిగాను. నా చేతిలో పుస్తకం తవిటమ్మకు చదవడం రాదు గాని, నా ముఖం చదవడం వచ్చింది. "రాదన్నమాట," అంది మెల్లగా.

సూరయ్య వదల్లేదు. గొట్టం పట్టుకుని పై వీధిలో దిగుతూ, ఊట మట్టం ఎక్కడికొస్తుందో ఇంటింటి దగ్గరా చూసుకుంటూ, అందిన చోట సున్నంతో గీసుకుంటూ పోయాడు. అయిదో ఇంటి దగ్గర గీత గుమ్మం మెట్టును తాకింది. ఎనిమిదో ఇంటి దగ్గర అతని భుజాల ఎత్తుకు వచ్చింది.

"నీరు పారాలంటే కొంచెం వాలుండాల. కులాయి ఇక్కడ పెడితే వస్తాది," అన్నాడు ఎనిమిదో ఇంటి ముందు కాలితో నేల తట్టి. "కింద ఈదోల్లు పదడుగులు ఎక్కాల, పై ఈదోల్లు పదడుగులు దిగాల. ఇష్టమైతే తవ్వుదాం. నేకపోతే ఎవడి బిందె ఆడిది."

అందరూ తవిటమ్మ వైపు చూశారు. అన్నిటికంటే దూరం ఆమెదే. ఆమె తన ఇంటి నుంచి ఎనిమిదో ఇంటిదాకా నడిచి దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆయాసం కూడా రాలేదు.

"ముప్పై ఏళ్ళు కొండ సుట్టూ తిరిగినాను. ఏడిళ్ళు దిగలేనేటి?" అంది. తర్వాత నిన్నటి కింది వీధి కుర్రాడివైపు తిరిగి, "గునపం తే. నీ పక్కనే తవ్వుతాను," అంది.

తర్వాత

నేను మరో రెండు రోజులు రాజాంలో ఉండి తెనాలి వచ్చేశాను. యంత్రాన్ని పారేయలేదు. కొండలకు ఇప్పటికీ పట్టుకెళ్తాను. ఎత్తు తెలిసిన చోట గంటకోసారి సరిచూసుకుంటాను, బయల్దేరిన చోటికే తిరిగొచ్చి తేడా రాసుకుంటాను. ఎవరైనా ఆ కొండ ఎత్తెంత అని అడిగితే అంకెతోపాటు, ఏ వేళప్పుడు చూశానో కూడా చెబుతాను.

జూన్ చివర, కాలేజీ తెరిచాక ఒక ఉదయం కొత్త నంబరు నుంచి ఫోన్. వెనక జనం అరుపులు. అప్పలనాయుడు ఏదో అనబోతుంటే ఎవరో ఫోను లాక్కున్నారు.

"అమ్మా, తవిటమ్మని. నీరొచ్చీసినాదమ్మా!"

సంతోషంలోనూ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "ధార ఎంత వస్తోంది? బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది?" అని అడిగాను.

"నిమిసాలు నాకేటి తెలుస్తాది? ఊట కాడ ఓ దార కింద బిందె ఎట్టుకుని ఓ పాట పాడుకునీదాన్ని. పాటైపోతే బిందె నిండీది. ఉండు, ఇక్కడ సూసి సెప్తాను."

ఇత్తడి బిందె రాయి మీద పెట్టిన చప్పుడు. ఆ వెంటనే అందుకుంది. ఊడుపుల పాటేదో, మాటలు సగమే అర్థమయ్యాయి. ఆ గొంతుకు అరవై ఏళ్ళంటే నమ్మలేం. ఒక చరణం అయింది. రెండోది మొదలైంది. గంట కొట్టినా నేను క్లాసుకు కదల్లేదు.

పాట ఇంకా మిగిలుండగానే, రెండో చరణం సగంలో బిందె పొర్లిన చప్పుడు వినిపించింది. ఎవరో నవ్వారు. తవిటమ్మ మాత్రం పాట ఆపలేదు.